విందునకు ఒక దినము

ధ్యాన భాగములు: నెహెమ్యా 8:9–12, 9:1. లూకా 15:22–24, 16:19–21.



బరువు తగ్గవలెనని డాక్టరుగారు చెప్పిన విశ్వాసి పండుగ విందులో కూర్చుండవచ్చునా? కూర్చుండినయెడల అందరితోపాటు పలావు, కోడికూర, గారెలు, మిఠాయి తినవచ్చునా? లేక ఆ దినమున కూడ తన జొన్నరొట్టెను మూట కట్టుకొని రావలెనా? ఇది చిన్న ప్రశ్నయని కొందరు నవ్వవచ్చును. అయితే గృహదర్శనములకు వెళ్లునప్పుడు ఈ ప్రశ్నను మేము మాటిమాటికి వినుచున్నాము. "అయ్యగారూ, తింటే జబ్బు, తినకపోతే బాధ. ఏమి చేయమంటారు?" అని అడుగు తల్లులు ప్రతి పల్లెలోను ఉన్నారు. వారికి వాక్యములోనుండి జవాబు చెప్పుట సేవకుల పనియే.

2023వ సంవత్సరమున ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలివారి దేశవ్యాప్త పరిశీలన ప్రకారము, మన దేశములో 10 కోట్లకు మించిన మనుష్యులకు చక్కెర జబ్బు ఉన్నది. మరి 13 కోట్లకు మించినవారు ఆ జబ్బు గడపయొద్ద నిలిచియున్నారు. ఒకప్పుడు ఇది పట్టణములోని ధనవంతుల జబ్బని అనుకొనెడివారము. ఇప్పుడు అది మన పేటలకు, మన పాకలకు, మన మందిరపు చాపల మీదికి వచ్చినది. మోకాళ్ల నొప్పిచేత ప్రార్థనలో మోకరింపలేనివారు, కాలి పుండు మానక కూలికి పోలేనివారు, చూపు మందగించి బైబిలు చదువలేనివారు మన మధ్యనే ఉన్నారు. కావున ఇది నవ్వుకొనవలసిన ప్రశ్న కాదు.

తాతల పండుగ, మనుమల దినభోజనము

మొదట మనమెవరమో జ్ఞాపకము చేసికొందము. తెలుగు దేశములోని మన సంఘములలో అనేకము ఆకలి నెరిగిన సంఘములు. 1876–78 నాటి మహా కరువులో ఒంగోలు ప్రాంతమున జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ పనిలో కొంత భాగమును తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి దొరకునట్లు చేసిరి. కూటికొరకు మతములోనికి వచ్చిరను మాట రాకుండునట్లు, కరువు సాయము జరుగుచున్న కాలములో ఆయన బాప్తిస్మములను ఆపివేసిరి. తరువాత 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ తరమువారికి కడుపు నిండుట అనునది కనబడు దేవుని దయ.

వారి దినభోజనము జొన్న సంకటి, రాగి అంబలి, కొఱ్ఱ అన్నము, ఆకుకూర, పులుసు. వరి అన్నము పండుగ నాటిది. మాంసము ఏడాదిలో కొన్ని దినములది. పిండివంటలు క్రిస్మసునకో పెండ్లికో. పనికి నడిచి పోయిరి, పొలములో వంగి పనిచేసిరి, మరల నడిచి వచ్చిరి. అట్టివారు పండుగనాడు ఎంత తినినను ఆ శరీరము దానిని వారములోపల ఖర్చుపెట్టుకొనెడిది.

1983వ సంవత్సరమున రెండు రూపాయలకు కిలో బియ్యపు పథకము వచ్చెను. తరువాత ఆ ధర మారినను చౌక బియ్యము నిలిచెను. బీదవాని పొయ్యి మీదికి అన్నపు కుండ ఎక్కెను. ఆకలి తీర్చిన ఆ బియ్యమును మేము నిందింపము. దానికొరకు దేవుని స్తుతించుచున్నాము. అయితే ఒక సంగతి గమనింపుడి. తాతల పండుగ భోజనము మనుమల దినభోజనమైనది. మూడు పూటల తెల్లని అన్నము, పల్లెలోని అంగడిలోనే నూనె పొట్లము, కూల్‌డ్రింకు సీసా, బేకరీ కేకు. నడక స్థానములో మోటారు సైకిలు, కోత స్థానములో యంత్రము. ఇంత జరిగినను పండుగ దినమున మాత్రము మనము తాతల ఆకలితోనే కూర్చుండుచున్నాము. అక్కడ పుట్టినది చిక్కు. కావున అడుగవలసిన ప్రశ్న "పండుగనాడు తినవచ్చునా?" అనునది మాత్రమే కాదు. "మిగిలిన దినములు ఏమి తినుచున్నాము?" అనునది దానికంటె పెద్ద ప్రశ్న.

మొదటిది: విందు దేవుని దానమే

విందును పాపమని పిలుచుటకు వాక్యము మనకు అధికారమియ్యదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు ఒక ఆశ్చర్యమైన ఆజ్ఞ ఇచ్చెను. ఆయన ఏర్పరచిన స్థలము దూరమైనయెడల దశమభాగమును సొమ్ముగా మార్చుకొని, అక్కడికి వెళ్లి, తమ మనస్సు కోరిన ఆహారమును కొని, ఇంటివారితో కూడ దేవుని సన్నిధిని తిని సంతోషింపవలెనట. మన ప్రభువు తన మొదటి సూచకక్రియను పెండ్లి విందులో చేసెను. ఆయన అందరితో కలిసి భోజనము చేయుట చూచి శత్రువులు ఆయనను తిండిబోతని నిందించిరి. అయినను ఆయన బల్లను విడిచి లేవలేదు.

నెహెమ్యా 8వ అధ్యాయము చూడుడి. ధర్మశాస్త్రము విని జనులు ఏడ్చుచుండిరి. వారి ఏడ్పు మంచిదే. అయినను నెహెమ్యాయు ఎజ్రాయు లేవీయులును వారిని ఓదార్చి, ఆ దినము ప్రభువునకు పరిశుద్ధమైనది గనుక వెళ్లి క్రొవ్విన పదార్థములను తిని, మధురమైన పానీయములను త్రాగుడని పంపివేసిరి. పరిశుద్ధ దినమున దుఃఖముతో ముడుచుకొని కూర్చుండుట వారికి తగినది కాలేదు. కావున "నేను తగ్గుచున్నాను గనుక ఇక విందే లేదు" అని ముఖము చిన్నబుచ్చుకొను విశ్వాసికి మేము చెప్పునదేమనగా, అట్టి కాడి దేవుడు మన మెడమీద పెట్టలేదు.

మన పేటలలో దీనికి మరియొక లోతు గలదు. "మీ ఇంట మేము తినము" అను మాట మన పెద్దలను ఎంత గాయపరచెనో మనకు తెలియును. ఒకే పంక్తిలో కూర్చుండి, ఒకే కుండలోని అన్నము తినుట మన సంఘములకు ఊరకయే దొరకలేదు. అందుచేత ఒక యౌవనస్థుడు బరువు తగ్గు పట్టుదలతో ప్రేమవిందులో పళ్లెమును త్రోసివేసి లేచిపోయినయెడల, వండిన తల్లి గుండెలో పాత గాయము రేగును. అతడు తన జబ్బును గూర్చి తలంచెను. ఆమె తన కులమును గూర్చి తలంచెను. ఇద్దరును బాధపడిరి. బల్లయొద్ద కూర్చుండి, కొంచెమే వడ్డించుకొని, "అమ్మా, చాల బాగున్నది, నాకు డాక్టరుగారు ఇంతే తినుమన్నారు" అని నోరు విప్పి చెప్పుట ప్రేమ. మౌనముగా త్రోసివేయుట ప్రేమ కాదు.

రెండవది: విందునకు ఆరంభము గలదు, అంతము గలదు

నెహెమ్యా గ్రంథములో తేదీలను చదువుడి. ఏడవ నెల మొదటి దినమున జనులు క్రొవ్విన పదార్థములు తిని సంతోషించిరి. తరువాత ఆ నెలలోనే ఏడు దినములు పర్ణశాలల పండుగ ఆచరించి, ఎనిమిదవ దినమున వ్రతదినముగా కూడుకొనిరి. 9వ అధ్యాయము తెరచినచో, అదే నెల 24వ దినమున ఆ జనులే ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకొని కూడివచ్చిరి. ఒకే నెల, ఒకే జనము. విందు దినమున విందు చేసిరి. ఉపవాస దినమున ఉపవాసముండిరి. ఒకటి మరియొకదానిని మ్రింగివేయలేదు.

సంఘ చరిత్రలో కూడ ఈ క్రమము కనబడుచున్నది. భస్మ బుధవారము మొదలుకొని ఈస్టరునకు ముందటి శనివారము వరకు లెక్కించినచో 46 దినములు వచ్చును. మనము నలువది దినములని ఏల చెప్పుచున్నాము? ఆ మధ్యనున్న 6 ఆదివారములను ఉపవాస దినములలో చేర్చరు గనుక. ఆదివారము పునరుత్థాన దినము. ఉపవాస కాలము నడుమనే మన పితరులు వారమునకొక సంతోష దినమును నిలిపిరి. అయితే సోమవారము తెల్లవారగానే మరల ఉపవాసములోనికి వచ్చిరి.

ఇప్పుడు లూకా సువార్తలో ప్రక్కప్రక్కనున్న రెండు విందులను చూడుడి. 15వ అధ్యాయములో తండ్రి క్రొవ్విన దూడను వధించి విందు చేసెను. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చెను గనుక. ఆ దూడ ఒక దినముకొరకు మేపబడినది. ప్రతిదినము దూడను వధించు ఇంటిలో క్రొవ్విన దూడ మిగులదు. 16వ అధ్యాయములో మరియొక మనుష్యుడున్నాడు. అతడును విందు చేసెను. అయితే అతనిని గూర్చి ప్రభువు చెప్పిన మాటలో ప్రతిదినము అనునది గమనింపదగినది. అతని విందునకు తేదీ లేదు, కారణము లేదు, అంతము లేదు. వాకిట పడియున్న లాజరును చూచుటకు అతనికి తీరిక లేదు. మొదటి విందులో పరలోకము సంతోషించెను. రెండవ విందు తినువానిని నాశనమునకు నడిపించెను.

ప్రియులారా, మన క్రిస్మసు ఈ రెంటిలో దేనిని పోలియున్నది? డిసెంబరు మొదటి వారములోనే సెమీ క్రిస్మసులు మొదలగును. ఒక్కొక్క సంఘములో, ఒక్కొక్క బడిలో, ఒక్కొక్క కార్యాలయములో కేకు, బిర్యానీ. తరువాత క్రిస్మసు. ఇంటింట అరిసెలు, కజ్జికాయలు, జంతికలు. 31వ తేదీ రాత్రి ఆరాధన, నూతన సంవత్సరపు విందు. అంతలో సంక్రాంతికి పొరుగువారి పిలుపులు. మధ్యలో పెండ్లి, గృహప్రవేశపు ప్రార్థన, పుట్టినరోజు కృతజ్ఞతా కూడిక, ఆదరణ కూడిక. నలువదియైదు దినములు విందు నడిచినయెడల దానిని పండుగ అనుటకు వీలులేదు. అది క్రొత్త దినభోజనము.

ఆరు దినముల కూలి లెక్క

దీనిని మన చేతి లెక్కతో చూతము. ఆహారములోని శక్తిని కేలరీలలో కొలుతురు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు దాగియుండును. ఒక మనుష్యుడు తన శరీరము ఖర్చుపెట్టు దానికంటె దినమునకు 500 కేలరీలు తక్కువ తినుచున్నాడనుకొనుడి. వారమునకు 3,500 అగును. అనగా వారమునకు సుమారు అరకిలో తగ్గును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు కూడ వారమునకు అరకిలో తగ్గుట క్షేమమని చెప్పుచున్నారు. అంతకంటె తొందరపడనక్కరలేదు.

ఇప్పుడు అతడు వారములో ఒక దినము విందు చేసి, తన ఖర్చుకంటె 1,000 కేలరీలు ఎక్కువ తినెననుకొనుడి. ఆరు దినముల మిగులు 3,000. దానిలో 1,000 పోగా 2,000 నిలుచును. వేగము తగ్గినది గాని త్రోవ తప్పలేదు, పావుకిలో తగ్గెను. అదే మనుష్యుడు వారములో మూడు దినములు అట్లు తినినయెడల? నాలుగు దినముల మిగులు 2,000. మూడు దినముల అప్పు 3,000. వారాంతమునకు 1,000 అప్పు మిగిలినది. నాలుగు దినములు కడుపు కట్టుకొనియు అతడు బరువు పెరుగును. "నేను ఇంత కష్టపడినను తగ్గలేదు" అని వాపోవు అనేకుల రహస్యమిదే. ఆరు దినముల కూలి ఒక దినపు పండుగను భరించును; నాలుగు దినముల కూలి మూడు దినముల పండుగను భరింపలేదు.

వెయ్యి కేలరీలు ఎక్కడనుండి వచ్చునని అడుగుదురేమో. నూనె గ్రాముకు 9 కేలరీలు. ఒక పెద్ద చెంచాలోనే సుమారు 120. చాల కూల్‌డ్రింకులలో 250 మిల్లీలీటర్లకు సుమారు 25 గ్రాముల చక్కెర, అనగా అయిదారు చిన్న చెంచాలు. రెండవసారి వేసికొన్న పలావు, మూడవ గారె, సీసాలోని తీపి నీరు: ఇవి కలిసినప్పుడు వెయ్యి దాటుట ఎంతసేపు?

పండుగ మరునాడు

ఇచ్చట సాతాను చేయు మోసమొకటి గలదు. ఒక తల్లి రెండు నెలలు ఓర్పుతో నడిచి, అన్నము తగ్గించి, మూడు కిలోలు తగ్గెననుకొనుడి. పండుగ భోజనము చేసి మరునాడు ఉపకేంద్రములో బరువు చూచుకొనగా కిలోన్నర పెరిగినట్లు యంత్రము చూపెను. "అంతా పోయినది, ఇక నావలన కాదు" అని ఆమె ఆ దినమే నడక మానివేసెను. డబ్బాలో మిగిలిన అరిసెలన్నియు తినెను. ఆమెను పడగొట్టినది పండుగ పళ్లెము కాదు. మరునాటి నిరాశ ఆమెను పడగొట్టెను.

ఆ తల్లికి ఎవరైన నిజము చెప్పవలెను. ఒక్క రాత్రిలో కిలోన్నర కొవ్వు పెరుగవలెనన్నచో 11,000 కేలరీలకు పైగా అదనముగా తినవలెను. అది అయిదారు దినముల భోజనము. ఒక్క పూటలో ఎవనికిని సాధ్యము కాదు. మరి యంత్రము చూపినదేమి? అధికభాగము నీరు. శరీరము పిండిపదార్థమును దాచుకొనునప్పుడు దాని ప్రతి గ్రాముతో సుమారు 3 గ్రాముల నీటిని కూడ దాచుకొనును. విందులోని ఉప్పు నీటిని పట్టి ఉంచును. తినిన ఆహారము ఇంకను కడుపులో నుండును. మరల మామూలు భోజనమునకు వచ్చినచో కొన్ని దినములలో అది దిగిపోవును. కావున పండుగ మరునాడు బరువు చూచుకొనకుడి, నడకకు బయలుదేరుడి.

నీతిమంతుడు పడిపోయినను మరల లేచునని సామెతలు 24వ అధ్యాయము బోధించుచున్నది. ఆ మాట పెద్ద శ్రమలకొరకు మాత్రమే వ్రాయబడలేదు. సోమవారము ఉదయమున అరకప్పు అన్నము, గిన్నెడు ఆకుకూర పప్పుతో మరల మొదలుపెట్టుట కూడ లేచుటయే.

దీనికి ఎదురుగా మరియొక తప్పు గలదు. విందులో ఎక్కువ తిందుమని ముందు రెండు దినములు పస్తుండుట, లేదా తినిన పాపమునకు శిక్షగా తరువాత పస్తుండుట. ఇది ఉపవాసము కాదు. చక్కెర జబ్బునకు ఇన్సులిను గాని కొన్ని రకముల మాత్రలు గాని వాడువారు భోజనము మానినచో, రక్తములోని చక్కెర ఒక్కసారిగా పడిపోయి, చెమట, వణకు, తికమక కలిగి ప్రాణము మీదికి రావచ్చును. అట్లు జరిగినయెడల, తెలివిలో ఉన్నవారికి వెంటనే చక్కెరగాని పండ్లరసముగాని ఇయ్యవలెను. తెలివి తప్పినవారి నోటిలో ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను. ఉపవాస ప్రార్థనలకు పిలుచు మా తోటి సేవకులు కూడ దీనిని మరువకుందురు గాక. మందు వాడు విశ్వాసి డాక్టరునడిగి ఉపవాసముండుట అవిశ్వాసము కాదు.

మూడవది: రెండవ గరిటెకు యజమానుడున్నాడు

నెహెమ్యా ఆజ్ఞలో మనము తరచుగా దాటిపోవు భాగమొకటి గలదు. తినుడి, త్రాగుడి అని చెప్పి అంతటితో ఆపలేదు. తమకొరకు ఏమియు సిద్ధపరచుకొనని వారికి పాళ్లు పంపుడని కూడ చెప్పబడెను. 12వ వచనములో జనులు అట్లే చేసిరి. ద్వితీయోపదేశకాండములో విందు ఆజ్ఞ ముగిసిన వెంటనే లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు వత్తురు. దేవుని విందులో మిగులునది పారవేయుటకు కాదు, మరల కడుపులో కుక్కుకొనుటకును కాదు.

కావున మన పళ్లెములోని మొదటి వడ్డన దేవుడు మనకిచ్చిన పాలు. రెండవ గరిటె చాలమారు మన పాలు కాదు. అది మంచముపట్టిన వృద్ధురాలిది, పనికి పోయి విందునకు రాలేని కూలివానిది, అన్యుడైన పొరుగువానిది. ఆ గరిటెను గిన్నెలోపెట్టి మీ పిల్లవాని చేత పంపుడి. మీ బరువు తగ్గును, వారి ఆకలి తగ్గును, ప్రేమవిందు ఆ పేరునకు తగినదగును. కొరింథు సంఘములో ఒకడు ఆకలితోను మరియొకడు మితిమీరియు ఉండుట చూచి పౌలు వారిని గద్దించెను. ఆ గద్దింపు మన పంక్తులను దాటిపోదు.

వడ్డించు తల్లులకు ఒక మనవి. "ఇంకొక్క గరిటె వేసికొనకపోతే నా మీద ఒట్టే" అనకుడి. కొసరి వడ్డించుట మన ప్రేమ మర్యాదయని మేమెరుగుదుము. అయితే చక్కెర జబ్బుగల అన్నయ్య పళ్లెములో వద్దన్నను పోసిన గరిటె అతని మూత్రపిండములకు, అతని కన్నులకు భారము. రోమీయులకు 14వ అధ్యాయములో తినువాడు తిననివానిని తృణీకరింపరాదనియు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదనియు పౌలు ఇరువురికిని హద్దు పెట్టెను. తినువారు "ఈమెకు గొప్పలు వచ్చినవి" అనరాదు. తగ్గుచున్నవారు ఎదుటివాని పళ్లెము చూచి ప్రసంగము చేయరాదు.

మరియు లావుగా ఉన్నవారిని చూచి తిండిబోతులని ఎగతాళి చేయుట మన మధ్య వినబడకూడదు. కొన్ని మందులు, థైరాయిడు వంటి లోపములు, నిద్రలేమి, చౌకగా దొరకునవి అన్నము నూనె మాత్రమే అను బీదరికము, ఇవన్నియు బరువును పెంచును. సన్నగా కనబడువానికి కూడ చక్కెర జబ్బు ఉండవచ్చును. మనుష్యులు పైరూపమును చూతురు, దేవుడు హృదయమును చూచునని సమూయేలు నేర్చుకొన్న పాఠము మనకును కావలెను.

సంఘముగా చేయదగినవి

ప్రేమవిందునకు వండునప్పుడు పెద్దలు, స్త్రీల సమాజమువారు ఇట్లు చేయవచ్చును. పలావుతోపాటు ఒక పెద్ద గిన్నెడు కూరగాయల కూర, దోసకాయ ఉల్లిపాయ ముక్కలు ముందుగా వడ్డింపుడి. జాతీయ పోషకాహార సంస్థవారి బోధ ప్రకారము దినాహారములో సుమారు సగము కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండవలెను. కూల్‌డ్రింకులకు బదులు పలుచని మజ్జిగ పోయుడి. మిఠాయి ఒక్కటి చాలును, అదియు అడిగినవారికి. గరిటె చిన్నదిగా పెట్టుడి. కావలసినవారు మరల అడుగుదురు. అందరు వచ్చువరకు ఆగి, ప్రార్థన చేసి, మెల్లగా మాటలాడుచు తినుడి. తొందరగా తినువాడు కడుపు నిండినదని తెలియకముందే మించి తినును.

తగ్గుచున్న విశ్వాసులకు నాలుగు మాటలు. నెల మొదటనే ఏ విందు మీదో నిర్ణయించుకొనుడి. పిలిచిన ప్రతి విందునకు వెళ్లవచ్చును గాని, ప్రతి విందులోను విందు తిననక్కరలేదు. ఒక పళ్లెము, ఒక పూట. మిగిలినది మూటకట్టి మీ ఇంటికి తెచ్చుకొనకుడి. విందు దినమున కూడ మందు వేళకు వేసికొని, డాక్టరు అనుమతించినంత నడువుడి. మరునాడు ఉదయము మామూలు భోజనమునకు రండి. 30 ఏండ్లు దాటినవారు ఆరోగ్య ఉపకేంద్రములో బి.పి., చక్కెర పరీక్షలు చేయించుకొనుడి. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్తపడవలెను. 70 కిలోల మనుష్యుడు మూడున్నర నుండి అయిదు కిలోలు తగ్గినను శరీరమునకు గొప్ప మేలు.

అయితే విందు ఎవరికి తగదో అదియు చెప్పవలెను. మూత్రపిండములు దెబ్బతినినవారు, గుండెజబ్బు ముదిరినవారు, చక్కెర అదుపు తప్పి డాక్టరుచేత గట్టిగా ఆజ్ఞ పొందినవారు ఆ ఆజ్ఞను పాటింపవలెను. ఒక్క లడ్డు తినినచో డబ్బా అయిపోవువరకు ఆగలేని స్వభావముగలవారు కొందరున్నారు. వారు తమ్మును తాము ఎరిగి, ఆ ఒక్కదానిని ముట్టకుండుట మేలు. అన్నిటియందు నాకు స్వాతంత్ర్యము గలదు గాని దేనికిని లోబడనని పౌలు కొరింథీయులకు బోధించిన భావమిదే. అట్టివారు పంక్తిలో కూర్చుండి, తమకు తగినది తినుచు, అందరితో సంతోషింతురు గాక. విందులో ముఖ్యమైనది సహవాసము. అది ఏ డాక్టరును నిషేధింపలేదు.

అరణ్యములో ఇశ్రాయేలీయులకు దేవుడు మన్నాను దినమునకు కావలసినంత కొలతతో ఇచ్చెను. పూరేళ్లు వచ్చినప్పుడు వారు పగలంతయు, రాత్రియంతయు, మరునాడంతయు కూర్చిరి. ఆశకు లోబడినవారిని పాతిపెట్టిన ఆ స్థలమునకు కిబ్రోతుహత్తావా అని పేరు కలిగెను. పూరేళ్లు విషమైనవి కావు. చేతులు ఆగకపోవుటయే కీడు. సొలొమోను కూడ తేనెను నిషేధింపలేదు; తృప్తికి తగినంతతో చేయి తీయవలెననియు, మించినచో కడుపే దానిని త్రిప్పికొట్టుననియు బోధించెను.

కావున బరువు తగ్గుచున్న విశ్వాసీ, నీ సంఘపు విందునకు రమ్ము. పంక్తిలో కూర్చుండుము. దేవుని స్తుతించి తినుము. చాలుననునప్పుడు చేయి కడుగుకొనుము. నీ రెండవ గరిటెను దాని యజమానునికి పంపుము. మరునాడు వెలుగు రాకముందే లేచి, నీ త్రోవలో నడువుము. గొఱ్ఱెపిల్ల పెండ్లివిందు వచ్చువరకు మన విందులన్నిటికి మరునాడు గలదు. ఆ మరునాటిలో కూడ మన ప్రభువు మనతో నున్నాడు.

కొరతలో ఓర్పును, సమృద్ధిలో మితమును ఆయన మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.